చలానాల చవుకబేరము

ఆషాఢమాసము వచ్చినతోడనే బట్టల యంగళ్ళవారు గడపలకు తోరణములు కట్టి, వెలలు సగమునకు దింపితిమని బల్లలు వ్రేలగట్టుట మన పట్టణములయందు ఏటేట జరుగు వేడుక. పెండ్లిండ్లు లేని మాసము గావున సరకు నిలిచిపోవును. నిలిచిన సరకును వదలించుకొనవలెను గావున వర్తకుడు ధర తగ్గించును. ఇందు తప్పేమియు లేదు. కాని ప్రజల ప్రాణరక్షణకై యేర్పడిన దండన కూడ నిలిచిపోయిన సరకువలె తగ్గింపు వెలకు వీధిలో పెట్టబడుట మన కాలమున జూచిన వింత.

2022 మార్చి నెలలో తెలంగాణ ప్రభుత్వమువారు, మోటారుబండ్లవారు చెల్లింపక నిలిపియుంచిన చలానాలపై రాయితీ ప్రకటించిరి. రెండుచక్రముల బండ్లవారు నూటికి 25 రూపాయలు చెల్లించిన చాలును; కార్లవారు సగము చెల్లించిన చాలును; తక్కినది మాఫీ. గడువు ఒక నెల యని చెప్పి, అది చాలక ఏప్రిలు నడుమవరకు పొడిగించిరి. రెండేండ్లు నిండకమునుపే, 2023 డిశంబరు కడపట మరల తగ్గింపు. ఆ నడుమ ప్రభుత్వము మారెను గాని పద్ధతి మారలేదు. ఈ పర్యాయము రెండుచక్రముల బండ్లకు నూటికి 80 తగ్గింపు, కార్లకును లారీలకును 60, ఆర్టీసీ బస్సులకు 90. జనవరి 10వ తేదీ యని మొదట చెప్పిన గడువు ఫిబ్రవరి వరకు సాగెను. పొరుగున కర్ణాటకమువారును 2023 ఫిబ్రవరిలో సగము వెలకు ఈ బేరమునే పెట్టిరి.

ఈ లెక్క కొంచెము నిలిచి చూడవలసినది. ఒకే దినమున, ఒకే కూడలిలో, ఎఱ్ఱదీపము దాటిపోయిన ముగ్గురు స్కూటరువారిని తలచుకొనుడు. ముగ్గురికిని వేయేసి రూపాయల జుల్మానా పడినదనుకొందము. మొదటివాడు భయమువలననో లజ్జవలననో ఆ వారముననే వేయి రూపాయలును కట్టివేసెను. రెండవవాడు చూతములెమ్మని యుండి 2022లో 250 రూపాయలతో బయటపడెను. మూడవవాడు అప్పుడును కదలక, రెండవ తగ్గింపునందు 200 రూపాయలు పారవేసి చేతులు దులుపుకొనెను. నేరమొక్కటే. మొండితనము హెచ్చినకొలది వెల తగ్గినది. సంతలో చీకటిపడువేళకు వంకాయల ధర తగ్గుచున్నదన్న, అవి వాడిపోవును గనుక. జుల్మానా వాడిపోవునా? ఎఱ్ఱదీపము దాటిన నేరము రెండేండ్లు నిలువయున్నంతమాత్రాన చిన్నదగునా?

అన్నిటికంటె పెద్ద తగ్గింపు బస్సులకు దొరికినది. ఒక్క బస్సులో ఏబదిమంది ప్రాణములు డ్రైవరు చేతిలో నుండును. వీధిలోనివారి ప్రాణములు వేఱు. అట్టి బండి ఎఱ్ఱదీపము దాటినచో, ఒంటరిగా పోవు స్కూటరువాని తప్పుకంటె అది పెద్ద తప్పు గాని చిన్నది కాదు. ఆర్టీసీ ప్రభుత్వసంస్థ గనుక ఈ జేబులోని డబ్బు ఆ జేబులోనికి పోవునంతే యని సమాధానము చెప్పువారు గలరు. అట్లయిన ఆ చలానా వ్రాయనేల? ఆ భారము చిన్న జీతపు డ్రైవరుపై బడునందురేని, అతనిని పిలిచి విచారించి, తప్పున్న శిక్షించి, లేకున్న కొట్టివేయుట న్యాయము. నూటికి తొంబదివంతులు నిర్దోషియు పదివంతులు దోషియు నగు మనుష్యుని మేమింతవఱకు చూడలేదు.

రాయితీని సమర్థించువారి వాదము మేమెఱుగుదుము. బాకీలు కోట్లకొలది పేరుకొనిపోయెను. కరోనా కాలమున జనుల చేతులలో డబ్బాడలేదు. కోర్టులలో ఇన్ని లక్షల చిన్న తగాదాలు తెమలవు. పూర్తిగా రానిదానికంటె కొంచెమైనను వచ్చుట మేలు. ఇది వడ్డీవ్యాపారి వాదము. ఎగవేతకు సిద్ధపడినవాని దగ్గర అసలులో పావువంతైనను రాబట్టుకొనుట షావుకారునకు తెలివియే. కాని ప్రభుత్వము షావుకారు కాదు, జుల్మానా అప్పును కాదు. అప్పు తీరినచో ఇచ్చినవాని పని తీరినది. జుల్మానా చెల్లినంతమాత్రాన దానిని విధించినవాని పని తీరలేదు. ఆ మనుష్యుడు మరునాడు ఎఱ్ఱదీపమువద్ద ఆగుచున్నాడా లేదా యనునదే ఆ పని. ఆ దినముల పత్రికలు తిరుగవేసి చూడుడు. ఇన్ని లక్షల చలానాలు తీరెను, ఇన్ని కోట్ల రూపాయలు బొక్కసమునకు చేరెను అని దినదినము లెక్క. ఈ మాసమున ఎందఱు హెల్మెట్టు ధరింప నేర్చిరి, ఏ కూడలిలో ఎన్ని ప్రమాదములు తగ్గెను అను లెక్క మాకు కనబడలేదు.

ఆ రెండవ లెక్క యెంత ఘోరమో కేంద్రప్రభుత్వమువారే ఏటేట అచ్చువేయుచున్నారు. 2022వ సంవత్సరమున దేశమందలి రోడ్లపై 4,61,312 ప్రమాదములు జరిగెను. 1,68,491 మంది మరణించిరి. అనగా గంటకు పందొమ్మిదిమంది. మరణించినవారిలో 50,029 మంది రెండుచక్రముల బండ్లపై హెల్మెట్టు లేకుండ పోయినవారు. అందులో నడిపినవారు 35,692. వెనుక కూర్చున్నవారు 14,337. కార్లలో బెల్టు పెట్టుకొనక మరణించినవారు 16,715 మంది. అందు సగమునకు సమీపముగా ప్రయాణికులే. ఈ అంకెలను మేము మరల మరల చదివితిమి. వెనుక కూర్చుండి మరణించిన ఆ పదునాలుగువేలమందిలో ఎందఱు భార్యలో, ఎందఱు తల్లులో! నడుపువానికి హెల్మెట్టున్నను వెనుక కూర్చున్న ఇల్లాలికి అక్కఱలేదనుకొను ఆచారము మన యూళ్ళలో నేటికిని గలదు. కొప్పు నలుగునని ఆమెయు, రెండవది కొననేల యని అతడును ఊరకుందురు. 129వ విభాగము నడుపువాని తలకును వెనుకవారి తలకును భేదము పెట్టలేదు. నాలుగేండ్లు దాటిన బిడ్డకును అది చెల్లును.

పూర్వము మన పల్లెలలో ప్రాయశ్చిత్తములు జరుగు తీరు పెద్దలెఱుగుదురు. పాపమునకు గోదానము విధియందురు. గోవు ఖరీదు గనుక గోవునకు బదులు గోమూల్యము. గోమూల్యమును భారము గనుక దానికి బదులు ఒక రూపాయ. యజమానుడు బేరమాడినచో అర్ధరూపాయ, తాంబూలము. పురోహితుడు ఆ అర్ధరూపాయ మొలలో దోపుకొని పాపము పోయినదని చెప్పును. యజమానుడు మరునాడు అదే పాపమునకు నిశ్చింతగా బయలుదేరును. సంస్కర్తలు ఈ తంతును ఎన్నియో యేండ్లు పరిహసించిరి. ఆ పురోహితుని స్థానమున నేడు సర్కారువారు కూర్చున్నారు. బ్రాహ్మణుడు ఏ ధర్మశాస్త్రము ననుసరించి అర్ధరూపాయ కొప్పుకొనెనో మాకు తెలియదు. సర్కారువారి ధర్మశాస్త్రము మాత్రము మాయెదుటనే యున్నది.

2019లో పార్లమెంటువారు 1988 నాటి మోటారుబండ్ల శాసనమును సవరించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి పెక్కు కొత్త విధులు అమలులోనికి వచ్చెను. హెల్మెట్టు లేక నడిపినవానికి 1,000 రూపాయల జుల్మానాయేగాక మూడు నెలలు లైసెన్సు రద్దు. త్రాగి నడిపినవానికి తొలి నేరమునకే 10,000 రూపాయల జుల్మానాగాని, ఆరు నెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని. వీనినన్నిటిని మించి 210-ఏ అను విభాగమున ఒక చిత్రమైన విధి గలదు. ఈ జుల్మానాలను రాష్ట్రప్రభుత్వము ఒకటికి తక్కువగాక, పదికి మించక, ఒక సంఖ్యతో గుణింపవచ్చునట. అనగా పార్లమెంటువారు రాష్ట్రములకు హెచ్చవేత నేర్పిరి. రాష్ట్రములు భాగహారము నేర్చుకొనెను.

దీనికొక సందు ఆ శాసనముననే గలదని న్యాయవాదులు చెప్పుదురు, నిజమే. కోర్టుదాక పోకుండ అక్కడికక్కడ రాజీపడు నేరములకు ఎంత సొమ్ము పుచ్చుకొనవలెనో నిర్ణయించు అధికారమును 200వ విభాగము రాష్ట్రములకే విడిచినది. శాసనము అమలునకు వచ్చిన నెలలోనే గుజరాతువారు హెల్మెట్టు జుల్మానాను 500కు దింపిరి. అది మంచిదో కాదో వేఱు చర్చ. ముందుగా తక్కువ మొత్తము నిర్ణయించి అందఱికిని సమముగా విధించుట యొకటి. ఎక్కువ మొత్తము వ్రాసి, వెంటనే కట్టినవానివద్ద అంతయు గుంజి, ఎగవేసినవానికి పిమ్మట తగ్గించుట మఱియొకటి. మొదటిది మెత్తని శాసనము. రెండవది శాసనమే కాదు.

చలానాలు ఇన్ని లక్షలు ఎట్లు పేరుకొనెను? ఈ ప్రశ్న నెవ్వరును అడుగుట లేదు. ఒక పోలీసు జవాను వేపచెట్టు నీడను నిలిచి చేతి కెమేరాతో వచ్చుపోవు బండ్లను వెనుకనుండి పటము తీయును. తల బోసిగా నున్న యువకుడు అతని ముందునుండియే గంటకు 70 కిలోమీటర్ల వేగముతో సాగిపోవును. జవాను ఆపడు, ఆపుమని అతనికి ఆజ్ఞ లేదు, దినమునకిన్ని పటములని మాత్రమే ఆజ్ఞ యని జనులనుకొనుచుందురు. ఆ యువకుని ఫోనులోనికి ఎప్పుడో సమాచారము వచ్చును. ఫోను నంబరు మారియుండినచో అదియు రాదు. ఈలోపల అతడు ఆ బోసితలతోనే ఇల్లు చేరవలెను, మరునాడు మరల బయలుదేరవలెను. నిలిపి, దింపి, తలకు హెల్మెట్టు వచ్చువఱకు బండి కదలనీయక పోయినచో ఆ యొక్క ప్రయాణమైనను సురక్షితమైయుండెడిది. కెమేరా రుజువును పట్టుకొన్నది; మనుష్యుని విడిచిపెట్టినది. మేము కెమేరాలకు విరోధులము గాము. లంచమడుగని సాక్షి అది. జవానునకును బండివానికిని నడుమ రోడ్డుప్రక్క జరిగెడు రహస్య బేరములను అది చాలవఱకు మాన్పినది. కాని సాక్షి యొక్కడే న్యాయస్థానమునకు చాలడు.

ఇక మన మహాజనుల ప్రజ్ఞ చూడుడు. కెమేరా వచ్చినతోడనే నంబరుబిళ్ళకు మేలిముసుగు వచ్చెను. కరోనానాటి ముక్కుగుడ్డను మూతికి కట్టుకొనక నంబరుబిళ్ళకు కట్టినవారు గలరు. వెనుక కూర్చున్న స్నేహితుడు అరచేతితో కడపటి అంకెను కప్పును. ఇల్లాలి చున్నీకొంగు అడ్డముగా వ్రేలాడును. బిళ్ళ పైకి వంగును. హెల్మెట్టు పెట్రోలుతొట్టిపై కూర్చుండి ఊరు చూచును. కూడలి సమీపించినప్పుడు క్షణకాలము తలకెక్కి, జవాను దాటగానే మరల దిగును. గడ్డము క్రింది పట్టీ బిగించినవారు అరుదు. పట్టీ బిగింపని హెల్మెట్టు పడినప్పుడు తలకంటె ముందుగా ఎగిరిపోవును. ఐఎస్ఐ గుఱుతు లేని హెల్మెట్లు చేయుటగాని అమ్ముటగాని కూడదని 2021 జూన్ 1వ తేదీనుండి నిబంధన యుండగా, రోడ్డుప్రక్క రాశులుపోసి అమ్ము సరకులో ఆ గుఱుతు నిజముగా నున్నవి ఎన్ని? కొనువాడు తలను కాపాడుకొనుటకు కొనుట లేదు, చలానాను తప్పించుకొనుటకు కొనుచున్నాడు. కావున వానికి ఏ డొప్పయైనను చాలును.

పలుకుబడి గలవారికి ఈ శ్రమయు అక్కఱలేదు. వారి బండ్ల అద్దములపై 'ప్రెస్' అనియో 'పోలీస్' అనియో చీటీ యుండును. 2024లో ఆంధ్రదేశమున ఒక యెమ్మెల్యేగారి తాలూకా యని నంబరుబిళ్ళలమీదనే వ్రాయించుకొని తిరుగుట యువకులకు వేడుకయాయెను. జవాను ధైర్యముచేసి ఆపినచో, బండివాడు తాను మాటలాడక ఫోను అతని చేతికిచ్చి, 'మా బావగారు మాటలాడుదురట' అనును. ఆ ఫోనులోని బావగారెవ్వరో చదువరులకు చెప్పనక్కఱలేదు. ప్రతి యూరికి నొకరు గలరు.

ఇంటిలోని సంగతి యింతకంటె గొప్పది కాదు. తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాడు ట్యూషనుకు బండిమీద పోవుచుండగా, తండ్రి ఇరుగుపొరుగువారితో 'మావాడికి కారు కూడ వచ్చునండీ' అని మీసము దువ్వుకొనును. ఆ పిల్లవాడు ఎవరినైన కొట్టినచో 199-ఏ విభాగము క్రింద తండ్రికి మూడేండ్లవఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయును, బండి రిజిష్ట్రేషను పండ్రెండు నెలలు రద్దును, పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు లేమియు గలవని ఆ తండ్రికి తెలియదు. తెలిసినను నమ్మడు. ఏల నమ్మవలెను? సర్కారువారి శిక్షలన్నియు కొన్నాళ్ళాగిన చవుకగా దొరకునని అతడు రెండు మార్లు కన్నులార చూచెను.

ఒక ఆక్షేపణకు మాత్రము మేము తల యొగ్గవలసియున్నది. వేయి రూపాయలు కారువానికి ఒక పూట భోజనాలయపు ఖర్చు. ఆటోవానికి ఒకటి రెండు దినముల కూలి. ఇంటింటికి అన్నపు పొట్లములు చేర్చు కుఱ్ఱవానికి అంతకంటెను భారము. వాని వేగమును తొందర పెట్టునది వాని యాకలియు, కంపెనీవారి గడియారమును. ఇది నిజమైన బాధ. రాయితీనిచ్చినవారికి ఈ జాలియే కారణమని చెప్పిన మేము కొంత నమ్ముదుము. కాని జాలికి మార్గమది కాదు. రాయితీ బీదవానికిని, ఏబది లక్షల కారువానికిని ఒకే వాకిట దొరికినది. కారువానికి నూటికి 60 తగ్గించుటలో ఏ జాలి గలదు? ఫిన్లండు దేశమున వేగపు నేరమునకు ఆదాయమునుబట్టి జుల్మానా వేయుదురు. 2023లో గంటకు 50 కిలోమీటర్లు పోవలసినచోట 82 పోయిన ఒక కోటీశ్వరునకు 1,21,000 యూరోలు పడెను. మనకంత దూరము పోనక్కఱలేదు. మన శాసనమునందే, 200వ విభాగమున, నేరస్థునిచేత సమాజసేవ చేయించు వీలు గలదు. డబ్బు లేని కుఱ్ఱవానిని రెండు ఆదివారములు ప్రమాదబాధితులుండు ఆసుపత్రి వార్డులో సేవకు నిలుపుడు. డబ్బున్న కుఱ్ఱవానిని సైతము అక్కడనే నిలుపుడు. వాడు ఆ దినములను కొనలేడు.

ఇట్టిదే మఱియొక యుపాయమును తెలంగాణమువారే 2017 ఆగష్టు 1వ తేదీనుండి మొదలుపెట్టిరి. తప్పునకిన్ని పాయింట్లని లెక్క. 24 నెలలలో 12 నిండినచో ఏడాది లైసెన్సు నిలిపివేత. ఎంత చక్కని పద్ధతి! ధనికుని పాయింటును బీదవాని పాయింటును ఒకే బరువు. పాయింటును ఎవ్వరును తగ్గింపు వెలకు అమ్మలేరు. ఆ పద్ధతి మాట ఇప్పుడు మాకు ఎచ్చటను వినబడుట లేదు. రాయితీల మాట వినని చెవి లేదు. బొక్కసమునకు పాయింట్లవలన పైసయు రాదు గదా.

తప్పంతయు నడుపువారిదే యనుట కూడ అన్యాయము. యూ-టర్ను రెండు కిలోమీటర్ల దూరమున పెట్టి, ఎదురుదారిని వచ్చుచున్నారని జనులను నిందించు ఇంజనీర్లున్నారు. పల్లె నడుమనుండి హైవే పోనిచ్చి, పొలమునకు పోవు రైతు దాటుటకు దారి విడువని కంట్రాక్టర్లున్నారు. రోడ్డును నిర్ణీత ప్రమాణములకు విరుద్ధముగ కట్టి, అందువలన మరణమో అంగవైకల్యమో కలిగించినవారికి లక్ష రూపాయలవఱకు జుల్మానా యని 198-ఏ విభాగము చెప్పుచున్నది. శాసనము నమలుపఱచు అధికారియే శాసనమును మీఱినచో అతనికి రెట్టింపు శిక్ష యని 210-బి. గుంటలో పడి కాలు విఱిగిన స్కూటరువానికి చలానా వచ్చుట విన్నాము. ఆ గుంటను విడిచిన కంట్రాక్టరు ఫోనునకు చలానా వచ్చెనని వినుటకు మా చెవులు కాచుకొనియున్నవి. అట్టిది వచ్చిననాడు దానిపై మాత్రము తగ్గింపు కోరము.

మా కోరిక పెద్దది కాదు. జుల్మానా చిన్నదైనను సరే, బండివాని స్తోమతును చూచి నిర్ణయింపుడు. నిర్ణయించినపిదప ఒక పైస తగ్గింపకుడు. పటము తీసినవానిని తఱువాతి కూడలిలోనైన ఆపుడు. చలానా తప్పని మొఱపెట్టుకొనువానికి చదువురానివాడు సైతము పోగల కచ్చేరి యొకటి ప్రతి పట్టణమునందు తెఱచియుంచుడు. కట్టలేనివానికి వాయిదాలీయుడు, సేవ చేయనీయుడు. మఱల మఱల తప్పు చేయువాని లైసెన్సును తీసికొనుడు. నెలనెల కోట్ల లెక్కకు బదులు, ఏ కూడలిలో ఎందఱు పడిరో ఆ కూడలిలోనే పలకమీద వ్రాసియుంచుడు.

మఱియొక చిన్న బాకీ మిగిలియున్నది. 2022 ఫిబ్రవరిలో, అనగా రాయితీకి ఒక నెల ముందు, భయభక్తులతో వేయి రూపాయలును కట్టినవారు వేలకొలది యుందురు. పొరుగువాడు మార్చిలో 250 కట్టి, 'తొందరపడితివి బావా' అని వారిని చూచి నవ్వియుండును. వారి రసీదులు వారి ఫోనులలోనే యున్నవి. తక్కిన 750 రూపాయలు తమకు తిరిగి యిమ్మని వారు అడుగలేదు. వారి పక్షమున మేమడుగుచున్నాము: ప్రభుత్వమువారు ఆ సొమ్మును వారికెప్పుడు ముట్టచెప్పుదురు?